ఉత్తర గాలి తోసేసిన నీళ్లు

ఫోను మోగేసరికి నోయెలీ ఒక చేత్తో గుడ్డు పట్టుకుని, ఇంకో చేత్తో మొగుడి చెవి మెలిపెడుతోంది. పెళ్లయి మూడు వారాలే. ఏ పని చేస్తున్నా రెండో చెయ్యి ఒవీడ్ మీదే ఉంటోంది.

"ఉత్తర గాలి మొదలైందిరా!" మామగారు తియోఫీల్ కేక ఫోను లేకపోయినా వినబడేలా ఉంది. "బాతులు దిగాయి! మడుగంతా నల్లగా కదుల్తోంది. అమ్మాయిని కూడా తీసుకురా!"

ఒవీడ్ పెళ్లాన్ని ఎత్తి గిరగిరా తిప్పాడు. గుడ్డు నేల మీద పడి పగిలింది. దాన్ని చూసి ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

కారెక్కాక మాత్రం నోయెలీకి అత్తింటి ఆనవాయితీ గుర్తొచ్చింది. చిత్తడి మధ్యలో ఆ ఇంటివాళ్లకు బాతుల వేటకు పొంచి కూర్చోడానికి రెల్లుతో కట్టిన మాటు ఒకటుంది, అందులో ఒక పొడుగాటి బల్ల. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరి చెయ్యీ అందుకోకుండా బురద దాటి వస్తేనే ఆ బల్ల మీద చోటు. మధ్యలో ఎవరైనా లాగాల్సి వస్తే ఆ శీతాకాలమంతా ఒడ్డున కూర్చుని అందరి బాతులకూ ఈకలు పీకాలి. ఒవీడ్ చెల్లెలు చిన్నప్పుడే దాటేసింది. ఆమె మొగుడు మాత్రం ఇంకా పీకుతూనే ఉన్నాడు.

నోయెలీకి తుపాకి మీద పెద్ద మోజు లేదు. లఫయెట్‌లో కాలేజీ చదివినన్నాళ్లూ పుస్తకం తప్ప మరేదీ గురిపెట్టి చూడలేదు. చలిలో ఒవీడ్ భుజానికి ఆనుకుని, ఒకే కప్పులో కాఫీ తాగుతూ తెల్లవారడం చూడాలి, అంతే ఆమె కోరిక. ఒడ్డున మిగిలిపోతే జనవరి దాకా ఆదివారాలన్నీ ఈకల పాలే.

బాతుల్ని తెచ్చిన గాలే చిత్తడిలోని నీళ్లను సముద్రంలోకి తోసేసింది. కారు దిగి వాళ్లెక్కిన పడవ నీళ్లు చాలక కాలువ ఒడ్డునే ఆగిపోయింది. అక్కడి నుంచి మాటు దాకా అంతా బురదే, కరిగించిన చాక్లెట్‌లా నిగనిగలాడుతోంది.

ఒవీడ్ ముందుగా వెళ్లి మాటులో కూర్చున్నాడు. మాట సాయం కూడా చెయ్యకూడదట. తియోఫీల్ ఒడ్డున నిలబడి మీసం దువ్వుకున్నాడు.

"భయమేస్తోందా అమ్మాయ్?"

"లేదు మామయ్యా. ఆకలేస్తోంది."

"ఈకలు పీకడానికి ఆకలి మంచిదేలే!"

నోయెలీ పడవ గెడ తీసుకుని దిగింది. ముందు గెడతో పొడిచి చూడటం, గట్టిగా తగిలితే అడుగెయ్యడం. బూటు లాగినప్పుడల్లా బురద చప్పరించినట్టు శబ్దం చేస్తోంది. ఆ శబ్దానికి ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే ఇంకాస్త దిగబడింది. దిగబడ్డందుకు మళ్లీ నవ్వొచ్చింది. తొడల దాకా మునిగాక ఇక లాభం లేదని బోర్లా పడుకుని, గెడను అడ్డంగా పట్టుకుని మొసలిలా పాకింది. మాటులో ఒవీడ్ అరవకుండా టోపీ కొరుక్కుంటున్నాడు. చివరికి ఒక గడ్డి దుబ్బు చేతికి చిక్కింది. దాని మీదికెక్కి నిలబడింది. ముక్కు మీద కూడా బురదే. మాటు ఇంకో నాలుగడుగులే!

వెనక నుంచి మామగారి గొంతు వినిపించింది. "ఆకాశం ఎంత బాగుందో చూశావా!"

"బాగుంది మామయ్యా."

"ఆ మబ్బు చూడు, అచ్చం మీ అత్తయ్యే!"

నోయెలీ తలెత్తింది. మబ్బే లేదు. వెనక్కి తిరిగి చూస్తే మామగారు ఇందాకటికన్నా బాగా పొట్టిగా కనిపించాడు. ఆమె వెనకే బయల్దేరి, ముప్పై ఏళ్లుగా కళ్లు మూసుకుని కాలేసే దిబ్బ ఉన్నచోటే ఈసారీ కాలేశాడాయన. సెప్టెంబరు తుఫానుకు ఆ దిబ్బ కాస్తా ఎటో కొట్టుకుపోయింది.

"మామయ్యా, మీరు..."

"గాలి పీలుస్తున్నా. నువ్వెళ్లు."

వెనక్కి వెళితే మళ్లీ దిగబడొచ్చు. ఈసారి ఎవరో ఒకరు లాగాల్సే రావచ్చు. నోయెలీ మాటు వైపు చూసింది. మామగారి మీసాన్నీ చూసింది, అదిప్పుడు కొంచెం వణుకుతోంది. గెడతో పొడుచుకుంటూ వెనక్కి నడిచింది.

"ఈ గెడ బరువెక్కింది మామయ్యా. ఓ చివర కాస్త పట్టుకోండి."

ఆయన పట్టుకున్నాడు. ఆమె ఇంకో దుబ్బు మీద కూర్చుని, మడమలు తన్నిపెట్టి లాగింది. ప్లోక్‌మని ఎంత చప్పుడైందంటే, మడుగులోని బాతులన్నీ ఒక్కసారిగా లేచి ఆకాశం నింపేశాయి. ఒక్క తుపాకీ పేలలేదు.

"ఏంటా చప్పుడు?" దుబ్బుల చాటున ఏం జరిగిందో కనబడక ఒవీడ్ కేకేశాడు.

"నా బూటు!" అంది నోయెలీ.

ఇద్దరూ ఎవరి కాళ్ల మీద వాళ్లు మాటు చేరారు. ఒవీడ్ ఆమె ముక్కు మీది బురద తుడవబోయి, తుడవకుండా ముద్దు పెట్టాడు. తియోఫీల్ బల్ల మధ్యకు జరిగి కోడలికి కొడుకు పక్కనే చోటిచ్చాడు. తర్వాత బూట్లలోంచి బురద వంపుకుంటూ అన్నాడు:

"ఈ ఏడు ఈకలు నేను పీకుతా."

"నువ్వా? ఎందుకు నాన్నా?"

"చేతులు దురదపెడుతున్నాయి, నీకెందుకు?" నోయెలీ పెదవి కొరుక్కుని ఎటో చూసింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. "వినండి. బాతులు పొద్దున్నే తిరిగొస్తాయి. రేపు చీకటుండగానే బయల్దేరదాం. అమ్మాయి గెడతో ముందు నడుస్తుంది. నువ్వు తన అడుగులో అడుగేసుకుంటూ రా. మీ వెనకాల నేనొస్తా, కాఫీ పట్టుకుని."