పేరంతా తలుపు బందుకే

నేను ఒక గ్రైండరు మోటారును. గ్రైండరు ఇప్పుడు నా దగ్గర లేదు. ఉత్త మోటారునే మిగిలాను. అందుకే నాకు కాస్త అసూయ ఎక్కువ. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా విని, "అబ్బో, ఈ ఇనప ముక్కకి ఎంత కుళ్లు!" అని మీరు ఆశ్చర్యపోకూడదు.

నేను పుట్టింది కోయంబత్తూరులో. అక్కడి సంగతులు ఎక్కువ గుర్తు లేవు. నా లోపల రాగి తీగ చుట్టారు, వార్నిషులో ముంచారు, ఆరబెట్టారు. ఒక అమ్మాయి నా ఇరుసును వేలితో తిప్పి చూసి, బాగానే ఉందన్నట్టు తల ఊపింది. కరెంటు ఇచ్చి మొదటిసారి తిప్పినప్పుడు నా అంత వేగం లోకంలో ఎవరికీ లేదనుకున్నాను. ఆ పొగరు సాయంత్రం దాకా కూడా నిలవలేదు. నాకొక బెల్టు తగిలించి, ఆ బెల్టు రెండో కొసను ఒక రాతి తొట్టికి తగిలించారు. నేను ఎంత పరుగెత్తినా ఆ రాయి తన నిదానంలోనే తిరిగింది. మాట్లాడదు, తొందరపడదు, వేడెక్కదు. మొదట చిరాకు వేసింది. తరువాత ఆ బరువు లేకుండా తిరగడమంటే ఏమిటో మరిచిపోయాను.

మమ్మల్ని ముందు కొన్నది అమలాపురం బస్టాండు దగ్గరి ఇడ్లీ హోటలాయన. పిండి రుబ్బింది మేము, పేరు మాత్రం ఆయన అల్లం చట్నీకి వచ్చింది. మనుషుల తీరు అంతేనని నాకు అక్కడే అర్థమైంది. హోటలు మూసేశాక మమ్మల్ని మంగతాయారు కొనుక్కుంది. ఆమెది అంబాజీపేట దాటాక కొబ్బరితోటల మధ్య ఒక ఊరు. ఇంట్లోనే దోసెల పిండి, ఇడ్లీ పిండి రుబ్బి వీధి వీధంతా అమ్మేది. రుబ్బుతున్నంతసేపూ మాతో కబుర్లు చెప్పేది. పక్కింటి కోడలు ఎందుకు అలిగిందో, చింతపండు ఎందుకు నల్లబడిందో అన్నీ మాకు తెలుసు. ఆ రోజుల్లో నాకు ఎవరి మీదా అసూయ లేదు.

అది నేర్పినవాడు తాయారు తమ్ముడు అబ్బులు. అమలాపురంలో మోటార్లు బాగు చేసే దుకాణంలో పని. ఒక రోజు కొత్త మోటారు చంకన పెట్టుకుని వచ్చాడు.

"అక్కా, ఈ ముసలాడు ఇంకెన్నాళ్లు ఈడుత్తాడే? వాడి మూలుగు వింటే నాకే జాలేత్తంది. ఇది సూడు, పిల్లిలా తిరుగుద్ది."

"బాగానే తిరుగుతున్నాడు కదరా."

"తిరుగుతున్నాడా? నువ్వు పాపం తిప్పుతున్నావు!"

తాయారు నవ్వింది. ఆమె నవ్వడమే నాకు బాధ. నా బోల్టులు విప్పి పక్కన పెట్టి, నా చోట ఆ నీలిరంగు మిడిసిపాటుగాణ్ణి బిగించారు. నా బెల్టే దానికి వేశారు. నా రాయినే అది తిప్పింది. నేను బియ్యం డ్రమ్ము పక్కన పడి ఉండి అది చూశాను. నిజంగానే మూలుగు లేదు. ఒక్కసారైనా మూలుగుతుందేమోనని రోజూ చెవులు రిక్కించాను. మూలగలేదు.

నన్ను అక్కడి నుంచి ఎత్తుకెళ్లింది తాయారు భర్త ఏడుకొండలు. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయన కొబ్బరికాయలు ఒలిచే స్టాండ్లు తయారు చేస్తాడు. ఇనప పట్టీలు కోసి, వాటికి చిల్లులు వేసి, బోల్టులతో బిగించి, కాయను గుచ్చి మీట నొక్కితే పీచు ఊడివచ్చేలా కడతాడు. చిల్లులు వేసే బిట్లు మొద్దుబారితే సాన చక్రం మీద చేత్తోనే పదును పెట్టేవాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఆ పనికి ఆయన పెట్టింది పేరు. కంటిచూపే కొలత, చెయ్యే ఆధారం.

అలాంటి చెయ్యి కొన్నాళ్లుగా వణుకుతోంది.

నాకు ఎలా తెలిసిందంటే, ఆయన నా మూత విప్పబోయినప్పుడు స్క్రూడ్రైవరు మర మీద నిలవలేదు. జారి బల్లకు తగిలింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ జారింది. గుమ్మం వైపు చూశాడు. ఎవరూ లేరు. కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, "నీకేం పోయేకాలం వచ్చిందే?" అని తిట్టాడు, ఎవరి చేతినో తిట్టినట్టు.

ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు. పక్కూరి కొబ్బరి వ్యాపారి గంగాచలానికి మాత్రం చేతి సంగతి కాకపోయినా దాని ఫలితం తెలిసింది. బిట్టు రెండు అంచులూ సమానంగా లేకపోతే చిల్లు పెద్దదవుతుంది, అందులో బోల్టు ఆడుతుంది. కొన్ని స్టాండ్లకు చెప్పిన గంగాచలం, ముందుగా తీసుకెళ్లిన ఒకదాన్ని తిరిగి తెచ్చి షెడ్డు ముందు దింపాడు.

"కొండలూ, ఇది స్టాండా, ఉయ్యాలా? కాయ గుచ్చితే నేనే ఊగుతున్నాను. మిగతావి ఇలాగే ఉంటే నాకొద్దు."

ఆ మాట అబ్బులు చెవిన పడింది. ఆ షెడ్డు మీద అతనికి ఎప్పటినుంచో కన్ను. సొంతంగా మోటార్ల దుకాణం పెట్టుకోవాలని కోరిక.

"బావా, నీకెందుకీ ఇనపగోల? షెడ్డు నాకిచ్చెయ్, రోడ్డు వైపు బోర్డెట్టేత్తాను. నువ్వు సుఖంగా అక్క పక్కన కూర్చుని పిండి కవర్లకి రబ్బరు బ్యాండ్లు ఏసుకో."

"మిగతా స్టాండ్లు కూడా ఎనక్కొత్తే అలాగే ఇచ్చేత్తాలేరా," అన్నాడు ఏడుకొండలు నవ్వుతూ. అబ్బులు వెళ్లిపోయాక ఆ నవ్వు లేదు. అబ్బులు బల్ల మీద పెట్టి వెళ్లిన బిట్టును ఎత్తి చూశాడు. మాటల మధ్యలో అబ్బులు అలవోకగా పదును పెట్టిన బిట్టు అది. రెండు అంచులూ అద్దంలా సమానంగా ఉన్నాయి. ఆయన దాన్ని చూసిన చూపు నాకు బాగా తెలుసు. వంటింట్లో నీలి మోటారును నేను చూసేది కూడా అలాగే.

మర్నాడే పని మొదలుపెట్టాడు. నన్ను ఒక మందపాటి పలక మీద బిగించి, నా ఇరుసుకు సాన చక్రం తొడిగాడు. రాతి తొట్టిని తిప్పినవాణ్ణి నేను, అరచేతిలో పట్టే ఈ గరుకు బిళ్లనా తిప్పాలి? పైగా స్విచ్చి వేయగానే చక్రం కింది నుంచి పైకి తిరిగి, ఆనించిన మేకును ఎగరేసి రేకుకు కొట్టింది.

"ఓర్నీ, నువ్వు ఎదురు తిరుగుతున్నావేంటి?" అని ఆయన నా మూత విప్పి రెండు తీగలు అటుదిటు, ఇటుదటు మార్చాడు. ఇన్నేళ్లు ఒకవైపు తిరిగిన నన్ను రెండో వైపు తిప్పించాడు. ఈ వయసులో నాకది తలకిందులైనట్టే ఉంది.

తరువాత పాత తలుపు నుంచి ఒక ఇనప బందు ఊడదీసి తెచ్చాడు. దాని ఒక రెక్కను పలకకు బిగించి, రెండో రెక్క మీద మూల మడతలా ఉన్న ఇనప ముక్కను అతికించాడు. బిట్టు ఆ మూలలో పడుకుంటుంది. వెనక ఒక బోల్టు దాన్ని వెనక్కి జారనివ్వదు. బందును మెల్లగా మడిస్తే బిట్టు కొస చక్రాన్ని రాసుకుంటూ పోతుంది. ఒక అంచు అయ్యాక బిట్టును అరచుట్టు తిప్పి రెండో అంచు. చెయ్యి వణికినా బందు వణకదు. బందుకు తెలిసిన దారి ఒక్కటే.

మొదటిసారి అరిగించిన బిట్టుతో చిల్లు వేయబోతే పొగ వచ్చింది గాని ఇనుము తెగలేదు. బిట్టు అంచు కంటే దాని వెనక భాగం ఎత్తుగా అరిగింది. అంచు ఇనుమును తాకనే లేదు, వెనక భాగమే రుద్దుకుంది. ఆయన తల గోక్కున్నాడు. బందు కింద పౌడరు డబ్బా రేకు ముక్క ఒకటి దోపాడు. మళ్లీ చూశాడు, ఇంకొకటి దోపాడు. అలా ఎన్నిసార్లు దోపాడో, ఎన్నిసార్లు తీశాడో! చివరికి రెండు నట్లను పక్కపక్కన ఆనించి, వాటి మధ్య ఏర్పడిన పల్లంలో బిట్టు కొసను నిలబెట్టి వెలుతురుకు పట్టాడు. సందు లేకుండా కూర్చుంది.

అప్పుడు చిల్లు వేశాడు. బిట్టు రెండు వైపుల నుంచీ ఇనుము రెండు జడపాయల్లా, ఒకే మందంతో చుట్టలు చుట్టుకుంటూ పైకి లేచింది. ఆయన చిల్లులు వేసే మిషను ఆపి ఆ రెండు చుట్టలనూ అరచేతిలో పెట్టుకున్నాడు. చెయ్యి వణుకుతుంటే అవి కూడా వణికాయి. కళ్లు తుడుచుకుని, నా వైపు వచ్చాడు. నన్ను మెచ్చుకుంటాడనుకున్నాను.

"ఒసేయ్ బందూ, బతికించావే!" అన్నాడు.

బందు! రోజంతా కిర్రుమనడం తప్ప ఏమీ ఎరగని తలుపు బందు! తిరిగేది నేను, వేడెక్కేది నేను, పేరు దానికి. అక్కడ రాయి దగ్గర నీలిది, ఇక్కడ చక్రం దగ్గర ఇది. అసూయ పడడానికి నాకు రెండు దిక్కులు దొరికాయి.

కార్తీకమాసంలో ఆటోల వాళ్లు వనభోజనాలు పెట్టుకున్నారు. ఫలహారానికి ఇడ్లీ పిండి తాయారుకు చెప్పారు. గంగాచలం స్టాండ్లు కూడా ఆ వారమే ఇవ్వాలి. ఏడుకొండలు షెడ్డులో మొద్దుబారిన బిట్లన్నీ వరసగా పేర్చుకుని ఒక్కొక్కటీ పదును పెడుతున్నాడు. వంటింట్లో నీలి మోటారు స్విచ్చి వేసిన చప్పుడు వినిపించింది. ఆ తరువాత ఒక మూలుగు. ఎంతకాలం ఎదురుచూశానో ఆ మూలుగు కోసం! మూలుగుతోంది గాని తిరగడం లేదు.

కాసేపటికి తాయారు, ఆమె వెనక స్పానరుతో అబ్బులు షెడ్డులోకి వచ్చారు.

"ఏవండీ, కొత్తది ఆగిపోయిందండి. పప్పంతా నానిపోయి కూర్చుంది."

"కెపాసిటరు పోయింది బావా. మా దుకాణంలో అలాంటిది లేదు, ఇయ్యాళ మిగతా దుకాణాలన్నీ మూసేశారు. పాతోణ్ణి ఇటు తెచ్చేత్తే గంటలో తేలిపోద్ది," అని అబ్బులు నా పక్కన గొంతుకూర్చున్నాడు.

నాలోని ప్రతి తీగా పులకరించింది. ఏడుకొండలు కుడిచేతిని భుజం మీది తువ్వాలు కిందికి దాచాడు.

"మరి నా బిట్లు?" అన్నాడు చాలా నెమ్మదిగా.

"బిట్లకేం బావా! మా దుకాణం సాన చక్రం తెచ్చిత్తాను, చేత్తో పట్టెయ్. నీ చేతికి ఈ తలుపు ముక్కల ఆసరా ఏంటి, సిగ్గులేకుండా? ఇదిగో, ఒకటి పట్టుకుని సూపించు అక్కకి."

నా బోల్టులు చూసుకుంటూనే అబ్బులు ఒక బిట్టును వెనక్కి అందించాడు. ఏడుకొండలు తీసుకోక తప్పలేదు. కింద బిట్లు పెట్టుకునే రేకు పళ్లెం ఉంది. ఆయన చేతిలోని బిట్టు దాని అంచుకు తగిలి టకటకమని మోగింది. ఆపాలని చూశాడు. ఇంకా గట్టిగా మోగింది.

అబ్బులు తల తిప్పబోయాడు. ఈలోగా తాయారు ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడి, భర్త చేతిలోంచి బిట్టు తీసేసుకుంది. ఆయన ముఖంలోకి చూసింది. ఆయన నేల చూశాడు. అప్పటికే నా బోల్టు ఒకటి ఊడింది. ఇంకొక్క బిగువు వదిలితే నేను నా రాయి దగ్గరకు వెళ్లిపోతాను.

"ఒరేయ్ అబ్బులూ, ఆ బోల్టు మళ్లీ బిగించు."

"అదేంటే? పప్పు?"

"పెరట్లో రుబ్బురోలుంది."

"అంత పప్పు రోట్లో ఎవరు రుబ్బుతారే బాబూ!"

"నువ్వే. నాకు కొత్త మోటారు తెచ్చింది నువ్వేగా? అది తిరక్కపోతే నువ్వు తిరుగు. పద, పొత్రం కడుగు."

"బావా, నువ్వైనా చెప్పు!"

"మీ అక్కకి నేనేం చెప్తాన్రా," అన్నాడు ఏడుకొండలు.

అబ్బులు గొణుక్కుంటూ బోల్టు బిగించాడు. చాలా గట్టిగా బిగించాడు. తాయారు వెళ్తూ వెళ్తూ నా స్విచ్చి తనే వేసింది. నేను తిరిగాను. తిరగక ఏం చేస్తాను? పెరట్లోంచి పొత్రం దొర్లుతున్న చప్పుడు, "ఇంకొంచెం మెత్తగా రా, కూలికొచ్చినోడిలా తిప్పకు" అన్న తాయారు కేకలు మధ్యాహ్నం దాకా వినిపించాయి.

గంగాచలం స్టాండ్లు వెళ్లాయి. ఒక్క బోల్టు కూడా ఆడలేదని కబురొచ్చింది. అబ్బులుకు అరచేతుల నిండా బొబ్బలు. షెడ్డు ఊసు మళ్లీ ఎత్తలేదు. నీలి మోటారును బాగు చేశారు. అది మళ్లీ నా రాయిని తిప్పుతోంది. గోడ అవతలి నుంచి నాకు వినిపిస్తూనే ఉంటుంది. అసూయ తగ్గిందని అబద్ధం చెప్పను.

కానీ ఇప్పుడు అంతకన్నా పెద్ద అసూయ ఒకటి పట్టుకుంది. ఆ మర్నాటి నుంచి తాయారు షెడ్డులోకి టీ గ్లాసులో తేవడం మానేసింది. లోతైన గిన్నెలో సగం దాకా పోసి, కాస్త చల్లార్చి తెచ్చి, బల్ల మీద పెట్టి వెళ్లిపోతోంది. ఎందుకని ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు. ఆయన రెండు చేతులతో ఆ గిన్నె ఎత్తుకుని తాగుతాడు. ఒక్క చుక్క ఒలకదు.

నాలో ఏం చెడిందో తెలియాలంటే ఎవరైనా నా మూత విప్పి చూడాల్సిందే. ఆయన విషయంలో తాయారుకు ఆ అవసరం రాలేదు. చెప్పండి, కుళ్లుకోకుండా ఎలా ఉండను?