తెర వెనక నవ్వులు

పాతికేళ్ళుగా బాలింతల వార్డులో కుట్లు చూస్తున్న పెద్ద సిస్టర్‌కి, ఆర్నెల్ల కిందట చేరిన చిన్న సిస్టర్ అలికిడి వింటేనే కడుపులో మంట. ఆ పిల్ల మంచం చుట్టూ తెర లాగిందంటే చాలు, లోపలి నుంచి నవ్వులు. "నవ్వించకు సిస్టర్, కుట్లు లాగుతున్నాయి!" అని మొత్తుకుంటూనే నవ్వుతారు బాలింతలు. కుట్లు చూడ్డంలో అంత నవ్వేముందో పెద్ద సిస్టర్‌కి ఇన్నేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు.

ఆ మధ్యాహ్నం చిన్న సిస్టర్ భోజనానికి వెళ్ళింది. నాలుగో మంచం మీది అమ్మాయికి కాన్పై ఇంకా రోజు నిండలేదు. ఒక పక్కకే ఒరిగి, పళ్ళు బిగబట్టి పడుకుంది.

"ఏమ్మా, నొప్పి ఎక్కువైందా? ఇటు తిరుగు, చూస్తాను."

"వద్దండీ. చిన్న సిస్టర్ వచ్చాక చూపిస్తాలెండి."

"ఏం, నా కళ్ళకి పొరలు కమ్మాయా?"

పక్కనున్న తల్లి సర్దిచెప్పబోయింది. "అది కాదమ్మా, మీరు గబగబా చూసేస్తారని దీనికి భయం. పొద్దున ఆవిడైతే అడిగి అడిగి ముట్టుకుంది."

"సరే, మహారాణి గారు వచ్చేదాకా కాచుకోండి!"

పెద్ద సిస్టర్ విసురుగా తన బల్ల దగ్గరికి వచ్చి, చార్టులో 'చూపించడానికి ఒప్పుకోలేదు' అని రాసింది. రాసి ఊరుకోలేకపోయింది. ఐస్ ప్యాక్ పెట్టాక నొప్పి తగ్గిందని ఆ పై వరుసలోనే ఉంది. తగ్గిన నొప్పి మళ్ళీ పెరిగిందంటే, అదీ ఒక పక్కనే అంటే, లోపల నెత్తురు గడ్డకడుతోందేమో. ఆగే పని కాదది. బలవంతం చేస్తే ఆ అమ్మాయి ఇంకా బిగుసుకుపోతుంది.

లేచి భోజనాల గదికి వెళ్ళింది.

"చెయ్యి కడుక్కుని రా. నీ నాలుగో మంచం నన్ను ముట్టుకోనివ్వడం లేదు."

చిన్న సిస్టర్ కలిపిన అన్నం వదిలేసి లేచింది. "అయ్యో, మీకు చూపించనందా అక్కా?"

"అందరూ విన్నారులే, మళ్ళీ చాటింపు వెయ్యక్కర్లేదు. నడు."

తెర లాగారు. "మోకాళ్ళు వదులు చెయ్యమ్మా, నొప్పి అంటే ఆపేస్తాను" అని చిన్న సిస్టర్ మెల్లగా చెబుతుంటే, పెద్ద సిస్టర్ టార్చి పట్టుకుని నిలబడింది. తన సర్వీసులో ఇంకొకరికి టార్చి పట్టడం అదే మొదలు. కుట్లకి కుడి పక్కన కమిలి, నిమ్మకాయంత వాపు.

కబురందుకుని వచ్చిన డాక్టరమ్మ చూసి, "ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేది. ఎవరు కనిపెట్టారు?" అంది.

"అక్కేనండీ. నేను అన్నం తింటున్నాను" అంది చిన్న సిస్టర్, ఆలోచించకుండానే.

నాలుగో మంచం అమ్మాయి చెయ్యి చాచి పెద్ద సిస్టర్ మణికట్టు పట్టుకుంది. ఆ చేతిని ఆమె విదిలించలేదు కానీ, ఒళ్ళు మాత్రం భగ్గుమంది. చిన్న సిస్టర్ మంచి పేరంతా తనే కొట్టేసి ఉంటే తిట్టుకోవడానికైనా వీలుండేది. ఆ కాస్త అదృష్టమూ లేకుండా చేసింది.