రాతి ముక్క

"రాయి ఎక్కడున్నదో తెలిసింది. పొద్దుగాల వస్తున్న."

చర్చా పేజీలో తనతో వాదించే మనిషి రాసిన ఆ మాట చదవగానే శిల్ప గుండె జారిపోయింది. అంతర్జాల విజ్ఞాన సర్వస్వంలో మారుపేరుతో రాసే మనిషి తను. రాయికోడ్ పక్కనున్న అత్తగారి ఊళ్లో పూర్వం శాసనాలు ఏ భాషలో చెక్కేవారని ఇంకో మారుపేరు మనిషితో నెల్లాళ్లుగా వాదన. తెలుగని ఆయన, కన్నడమని ఈమె. ఆధారం చూపమని ఆయన మాటిమాటికీ గుచ్చేసరికి ఒళ్లు మండి, ఆ ఊరి నుంచి తెచ్చుకుని జహీరాబాద్ ఇంటి పెరట్లో తాము బట్టలుతికే కన్నడ శాసనపు ముక్కను ఫొటో తీసి ఎక్కించింది. దాంతోపాటే ఇంటి లొకేషన్ కూడా ఎక్కింది. ఇప్పుడు తీసేసినా పేజీ పాత కూర్పుల్లో అందరికీ కనబడుతూనే ఉంటుంది.

తెల్లారి మొగుడు మంజునాథ్ డ్యూటీకి పోగానే తలుపు గడియ పెట్టుకుంది. కాసేపటికి వాకిట్లో బండి ఆగింది. కిటికీ సందులోంచి చూసింది. ఎవరో పెద్దమనిషి, గోనెసంచిలో బరువైనదేదో మోసుకొస్తున్నాడు. అది తన నెత్తిన పడేదేననుకుంది.

ఆయన సంచి విప్పి, గడప ముందు ఒక రాతిముక్క పెట్టాడు. దాని నిండా తెలుగు అక్షరాలు. మూసిన తలుపుకేసి చేతులు జోడించాడు.

"సార్, మీ రాయికి కింది సగం గిదే. మా చేన్ల దొరికింది. జర కొట్టకుండ్రి. చర్చల మీ కోపం చూసి, భయానికి తొవ్వల రెండుసార్లు బండి వెనక్కి తిప్పిన."