రాయని మూడు రోజులు

సోమవారం పొద్దున ఊరిగాం రైల్వేస్టేషన్లో మాలూరు రైలు ఎక్కబోతున్న క్లెమెంట్‌ను మఫ్టీలో ఉన్న ఇద్దరు పోలీసులు జబ్బ పట్టుకుని తీసుకుపోయినారు. మూతబడిన బంగారు గని షెడ్డులో రాగి కేబుల్ పోయింది, అనుమానం అతని మీద. అతనితో ఫ్యాక్టరీకి పోయే ఉమేశ్ ఫోన్ చేసి చెప్పేసరికి, ఇంట్లో భార్య షర్మిల చేతిలోని దోసెపిండి గరిటె చేతిలోనే ఉండిపోయింది.

భార్య వచ్చిందని పోలీస్‌స్టేషన్‌లో ఎవరూ పట్టించుకోలేదు. "ఆ పేరుతో ఎవురూ లేరమ్మా," అన్నాడు స్టేషన్ రికార్డులు రాసే రైటరు, తల ఎత్తకుండా. అప్పుడే లోపలి గదిలోంచి దగ్గు వినబడింది. పన్నెండేళ్ల కాపురం, ఆ దగ్గు తెలియనిదా?

"అది మా ఆయనే సార్."

రైటరు పేజీ తిప్పినాడు.

మంగళవారం కూడా లేడనే అన్నాడు. అన్నం క్యారియర్ మాత్రం లోపలికి తీసుకుని, ఖాళీది తిరిగిచ్చినాడు. షర్మిలకు ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి బట్టలుతికింది. ఉతికినవే మళ్లీ ఉతికినానని ఆరేసేటప్పుడు గానీ తెలీలేదు.

బుధవారం పక్కనున్న చాంపియన్ రీఫ్స్‌లో లాయరు సోమశేఖర్ ఇంటికి పోయింది.

"ఇరవై నాలుగు గంటల్లో జడ్జి ముందర నిలబెట్టాల కదా సార్? మూడో దినం ఇది."

"నిలబెట్టాల. అయితే వాళ్లు అరెస్టని రాసినప్పట్నుంచే గంటలు లెక్కేస్తారు. ఇంగా రాయలేదమ్మా."

"రాయకపోతే ఆయన యాడ ఉన్నట్టు సార్?"

సోమశేఖర్ అప్పుడే, క్లెమెంట్‌ను హాజరుపరచమని కోర్టుకు అర్జీ పెట్టినాడు. ఆ సాయంత్రమే స్టేషన్లో అరెస్టు రాసినారు.

గురువారం క్లెమెంట్ కుంటుకుంటూ కోర్టులోకొచ్చినాడు. ఎప్పుడు పట్టుకున్నారని మేజిస్ట్రేటు మేడం కన్నడంలో అడిగింది.

"నిన్న సాయంత్రం మేడం," అన్నాడు క్లెమెంట్.

షర్మిల లేచి నిలబడింది. లేచినట్టు ఆమెకే తెలీదు. "కాదు మేడం, సోమవారం. రైలెక్కతా ఉండంగా పట్టుకున్నారు. ఈ ఉమేశ్ చూసినాడు."

కానిస్టేబుల్ కూర్చోమని కసిరినాడు. "చెప్పనీయండి," అంది మేడం. దగ్గు సంగతీ, క్యారియర్ సంగతీ షర్మిల రేషన్ చీటీ చదివినట్టు ఒకే గొంతుతో చెప్పింది. ఆమె వెంట వచ్చిన ఉమేశ్ కూడా చెప్పినాడు. మేడం పోలీసులను రాతపూర్వకంగా సంజాయిషీ అడిగింది. క్లెమెంట్‌ను డాక్టరుకు చూపించమని, ప్రతి ఆదివారం స్టేషన్లో సంతకం పెట్టాలని చెప్పి బెయిలిచ్చింది.

ఇంటికొచ్చినాక షర్మిల అడిగింది. "అట్ల చెప్పమన్నారా నిన్ను?"

"అన్నారు. కానీ నాకూ నిన్ననే అనిపించింది షర్మిలా. లోపల లైటు ఆర్పలేదు. పొద్దు ఎప్పుడు గుంకిందో తెలీలేదు."

"మూడు దినాలు ఉంటివి."

"అవునా?" అన్నాడు, ఎవరి సంగతో విన్నట్టు.

రెండు నెలలకు చార్జిషీటు వేసినారు. కేబుల్ ఎవరో పాత సామాన్ల వ్యాపారి దగ్గర దొరికిందట. చార్జిషీటులో క్లెమెంట్ పేరు లేదు. సంజాయిషీ ఏమైందో ఎవరూ చెప్పలేదు. ఇంక సంతకం అక్కర్లేదని సోమశేఖర్ చెబితే, క్లెమెంట్ "సరే సార్" అన్నాడు.

ఆ ఆదివారం కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేషన్ దారే పట్టినాడు. షర్మిల ఆపలేదు. వెంట నడిచింది, మలుపు దగ్గర చెయ్యి పట్టుకుని చర్చి వైపు తిప్పింది. అతను తిరిగినాడు.