తపేలా మూత

తెల్లవారేసరికి ఆకాశం నిండా పలుచని మబ్బు పరుచుకుని ఉంది. వాన కురిసే మబ్బు కాదు. ఎండను కాసేపు ఆపి, పొద్దెక్కగానే చెదిరిపోయేది. బలసముద్రం ఊరి చివర, కంచె అవతల బారులు తీరిన సోలార్ పలకల మీద కూడా అదే మబ్బు జరుగుతూ ఉండటంతో, అంగన్‌వాడి ముంగిట చీపురు పట్టుకుని వంగిన నరసక్కకు మబ్బు పైనా కిందా రెండు చోట్లా ఉన్నట్టు కనిపించింది. నడుము నిలబెట్టి ఒకసారి చూసి, మళ్లీ వంగింది.

ఊడ్చడం అయ్యాక చెప్పులు విడిచి ముంగిలంతా ఒకసారి నడిచింది. రోజూ అంతే. పిల్లల కాళ్లలో దిగబోయే తుమ్మముల్లు ఏదైనా ఉంటే అది ముందు తన కాలికి తగలాలి. ఆమె పొట్టి మనిషి. ఎడమ మణికట్టు మీద పచ్చబొట్టు చర్మంతో పాటు సాగి, ఒకప్పుడు తేలో పువ్వో తెలియకుండా పోయింది. చింతపండు పులుపుకూ అంట్ల బూడిదకూ వేళ్ల కొసలు పగిలి నల్లని గీతలు పడ్డాయి.

ఆ రోజుతో అంగన్‌వాడి సహాయకిగా ఆమె పని అయిపోతుంది. వయసు నిండింది. మధ్యాహ్నం బస్సుకు హిందూపురం పోవాలి. అక్కడ కూతురు గార్మెంట్స్ పనికి పోతే చంటిబిడ్డను చూసుకునే దిక్కు లేదు. బట్టల సంచి అప్పుడే సర్ది వంటగది వెనక, అంట్లు తోమే బండ పక్కన పెట్టుకుంది. పోవడం గురించి ఆమెకు పెద్ద దిగులు లేదు. దిగులంతా మేఘ గురించే.

మేఘకు మూడేళ్లు. తల్లి ఆంజినమ్మ చీకటితోనే పలకలు కడిగే పనికి బండెక్కి పోతుంది. తండ్రి నాగరాజ ఆ సోలార్ గేటు దగ్గరే కాపలా. పిల్లను అంగన్‌వాడికి తెచ్చేది తాత మారప్ప. ఇంట్లో తల్లి పెడితే తింటుంది. ఇక్కడ మాత్రం నరసక్క చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ దాని నోటి దాకా పోదు. ఆర్నెల్ల కిందట కూతురి కాన్పుకని నరసక్క నాలుగు దినాలు రాకపోతే ఆ పిల్ల సాయంత్రం దాకా పస్తులుండి, ముంగిట కళ్లు తిరిగి పడిపోయింది. ఆ మాట విన్నప్పటి నుంచి నరసక్కకు తన చేతిని చూసుకుంటేనే భయంగా ఉంది.

మారప్ప మనవరాలిని భుజం మీంచి దించి, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

“ఏ యాళకు బస్సు?”

“భోజనాల పొద్దుకు వస్తాదంట మారప్పన్నా.”

“పోయేదానివి దీన్ని గూడా సంచిలో ఏసుకొని పో. మాకు ఒక బాధ తప్పుతాది.”

మేఘ అప్పటికే నరసక్క చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడింది.

లోపల గోడకు కొట్టిన కొయ్య అలమారులో కంచాలు నిలువుగా పేర్చి ఉంటాయి. ఈ ఊళ్లో ఒక వాడుక ఉంది. బిడ్డను మొదటిసారి అంగన్‌వాడికి పంపేటప్పుడు మేనమామ వై.ఎన్.హొసకోట బజారుకు పోయి, స్టీలు కంచం కొని, దాని మీద బిడ్డ పేరు కొట్టించి తెస్తాడు. బిడ్డ ఈడు రాగానే బడికి పోతుంది, కంచం ఇక్కడే ఉంటుంది. తరువాత వచ్చిన పిల్లలు అందులో తింటారు. అట్లా మేఘ వంతుకు వచ్చింది వాళ్ల నాయన నాగరాజ కంచమే. ఇప్పుడు గేటు దగ్గర లాఠీ పట్టుకుని మీసం దువ్వే నాగరాజ ఒకప్పుడు ఆ కంచాన్ని బండికి స్టీరింగులా తిప్పుకుంటూ ముంగిలంతా పరిగెత్తేవాడు. దాని అంచు సొట్ట అప్పటిదే. నరసక్క పేర్లు చదవదు, సొట్టలను బట్టి గుర్తు పడుతుంది.

ఆమెకు కంచం లేదు. వండిపెట్టే మనిషికి కంచం తెచ్చే మేనమామ ఎవరు? అందరి తిండీ అయ్యాక పప్పుసారు కాచే తపేలా మూతను వెల్లకిలా తిప్పి అందులో తినేది. పిడి కిందికి వచ్చి మూత నేల మీద నిలవక ఒరిగేది. అందుకని పాత చీర పేలికలతో చుట్టిన చుట్టకుదురు కింద పెట్టి, పిడి దాని నడిమి బొక్కలో దిగేట్టు మూతను కూర్చోబెట్టేది. బోరు దగ్గర నుంచి నెత్తిన కడవ మోసుకొచ్చిన కాలపు చుట్టకుదురు అది. కొళాయి వచ్చాక దానికి మిగిలిన పని ఇదొక్కటే.

మేఘ వచ్చిన కొత్తలో కంచం ముందు ఏడుస్తూ కూర్చుంటే, నరసక్క పిలిచి తన మూత దగ్గర కూర్చోబెట్టుకుంది. సంగటి ముద్దను రెండుగా విరిచి ఒక సగం ఆ అంచుకు జరిపింది. తానొక పిడచ, పిల్లకొక పిడచ. ఆ దినం నుంచి నాగరాజ కంచం ఎంగిలి పడలేదు. అయినా ఆమె దాన్ని రోజూ మిగతావాటితో పాటు కడిగి బోర్లించేది.

పొద్దు కాస్త ఎక్కాక కొత్త సహాయకి శిల్పశ్రీ వచ్చింది. ఊరి కోడలే, ఇద్దరు బిడ్డల తల్లి. నరసక్క ఆమెకు పొయ్యి ఏ వైపు తిప్పితే సన్నగా మండుతుందో, గుడ్లు ఎక్కడ పెడితే చీమలు పట్టవో చూపించింది. చివరికి మూతా చుట్టకుదురూ చూపించి, “మేఘ దీంట్లోనే తింటుందమ్మే,” అంది.

టీచరు సుధామణి పాలూ ఉప్మా పెట్టే వేళకు శిల్పశ్రీని మేఘ ముందు కూర్చోబెట్టింది. శిల్పశ్రీ వేళ్లతో కొంచెం ఉప్మా తీసి నోటి దగ్గర పెట్టింది. పిల్ల పెదవులు లోపలికి మడుచుకుని నరసక్క వైపు చూసింది.

“ఏంది తల్లీ అట్ల చూస్తావు? నేనేమన్నా సూది ఏస్తాండానా?” అంది శిల్పశ్రీ.

పిల్లలు నవ్వారు. మేఘ నవ్వలేదు. ఉప్మా చల్లారింది.

“నేను చెప్తానే ఉంటిని గదక్కా,” సుధామణి గొంతు తగ్గించి అంది. “దాని చేత్తో దాన్ని తిననీ అని. నేనట్ల మొహం తిప్పుకుంటే చాలు, నీ చెయ్యి దాని నోట్లో ఉండేది.”

“నిజమే మేడమ్. తప్పు నాదే,” అంది నరసక్క.

గడప మీద కూర్చుని బీడీ ఆర్పుకుంటున్న మారప్ప అంతా చూశాడు. నరసక్క కూరగాయల చేట పట్టుకుని పక్కన కూర్చున్నాక మెల్లగా అన్నాడు: “నువ్వు కండ్ల ముందర ఉన్నంతసేపు అది నోరు తెరవదులే. నా గొర్రెపిల్లలు గూడా ఇంతే. తల్లి ఆడ కనపడతాంటే సీసా పాలు ముట్టవు. తల్లిని దొడ్డి ఎనక్కి తోలేస్తే, కాసేపు అరిసి, అరిసి, తాగుతాయి.”

నరసక్క వంకాయ తొడిమ తుంచుతూ ఆగింది. “కాసేపంటే?”

“ఆకలైందాకా.”

ఆమె మళ్లీ తుంచసాగింది.

ఇదే మారప్ప ఇంటి పంచలో మొదట ఈ అంగన్‌వాడి మొదలైంది. అప్పుడు కంచె లేదు. పంచలో కూర్చుంటే కొండ మొదలు దాకా వేరుశనగ చేలు కనిపించేవి. కాయలు పెరికే కాలంలో తల్లులు నడుము దాకా మన్ను కొట్టుకుని, ఒడిలో పచ్చికాయలు పోసుకుని వచ్చి, బిడ్డకు పాలిచ్చి, ఆ కాయలు నరసక్క తపేలాలో గుమ్మరించి పోయేవారు. ఉడికిన కాయల వాసనకు బడి ఎగ్గొట్టిన పెద్ద పిల్లలు కూడా వచ్చేవారు. ఎవరి బిడ్డ ఏడిస్తే ఆ తల్లికి చేనిలోకి వినపడేది. ఇప్పుడు చేలు సోలార్ కంపెనీకి గుత్తకు పోయాయి. డబ్బు వస్తుంది, కొత్త గది వచ్చింది, గోడ మీద ఏనుగూ సీతాకోకచిలుకా వచ్చాయి. తల్లులు కంచె లోపల ఎక్కడో పలకలు తుడుస్తుంటారు. బిడ్డ ఏడ్పు అంత దూరం పోదు.

ఆ రోజు మాత్రం తల్లులందరూ సగం పూటకే వచ్చేశారు. నరసక్కను సాగనంపాలని అంగన్‌వాడి బాగోగులు చూసే బాలవికాస సమితి ఆడవాళ్లు అనుకున్నారట. ఒకరు ఉలవల సారు, ఒకరు అలసందల కూర, ఒకరు పూర్ణం ఓళిగలు తెచ్చారు. పెద్ద తపేలాలో సంగటి గెలికి ముద్దలు చేశారు. మబ్బు విడిపోయి ఎండ గదిలోకి వచ్చింది. బారుగా ఆకులు వేశారు. పిల్లల ముందు కంచాలు. గోడ నడిమి చోట నరసక్కకని ఒక కుర్చీ, దాని ముందు బల్ల, బల్ల మీద అందరికంటే పెద్ద ఆకు.

“ఈపొద్దన్నా మూత ఇడిసిపెట్టక్కా,” అంది ఆంజినమ్మ. ఆమె చేతులు నీళ్లలో నాని తెల్లగా ఉన్నాయి. “ముందు నీకు వడ్డిస్తాం. నువ్వు తిన్యాకనే మేం తినేది.”

“కుర్చీ ఎక్కితే నాకు కాళ్లు కింద ఆనవే.”

“ఆనకుంటే ఊపుకుంటా తిను!”

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. సుధామణి కొత్త చీర ఉన్న కవరు ఆమె చేతిలో పెట్టింది. నరసక్క దాన్ని గుండెకు ఆనించుకుని అందరినీ ఒకసారి చూసింది. మేఘ తన నాయన కంచం ముందు చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చుని, ఆమెనే చూస్తూ ఉంది.

“వడ్డిస్తా ఉండండి,” అంది నరసక్క. “చెయ్యి కడుక్కొని వస్తా.”

వంటగదిలోంచి వెనక్కి నడిచింది. బండ దగ్గర నిజంగానే చెయ్యి కడుక్కుంది. చీర కవరు సంచిలో పెట్టి, సంచి భుజాన వేసుకుంది. కానీ రోడ్డు వైపు అడుగు పడలేదు. గోడ వారగా వచ్చి, వంటగది జాలీ బొక్కల దగ్గర నిలబడింది. అక్కడి నుంచి లోపలి గది సగం కనిపిస్తుంది.

వడ్డన అయింది. మాటలు జోరుగా ఉన్నాయి. తరువాత ఎవరో “అక్క ఇంకా రాలేదే,” అన్నారు. ఆంజినమ్మ లేవబోయింది. మారప్ప ఎడమ చెయ్యి ఎత్తి, కూర్చోమన్నట్టు దించాడు. ఆంజినమ్మ మామ మొహం చూసింది, ఖాళీ కుర్చీని చూసింది, తలుపును చూసింది. కూర్చుంది. సుధామణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాటలు ఒకరి దగ్గర నుంచి ఒకరి దగ్గరికి ఆగుతూ పోయాయి. మారప్ప ముద్ద విరిచి సారులో అద్దాడు. అది చూసి మిగతావాళ్లూ ఆకుల మీదికి వంగారు.

మేఘ తినలేదు. తలుపు వైపు చూస్తూ ఉంది.

శిల్పశ్రీ లేచి, మూత తెచ్చి వెల్లకిలా తిప్పి, ముద్ద పెట్టి సారు పోసింది. నేల మీద పెట్టగానే మూత ఒక పక్కకు ఒరిగి సారు అంచు దాకా జారింది. ఆమె నిలబెట్టబోయింది, అది ఈ పక్కకు ఒరిగింది. జాలీ అవతల నరసక్క చెయ్యి దానంతట అదే ముందుకు సాగి, గోడకు తగిలి ఆగింది. చుట్టకుదురు అని చెప్పాలనిపించింది. పళ్లు బిగబట్టుకుంది.

మేఘ లేచింది. అలమారు మూలకు పోయి, చుట్టకుదురు తెచ్చి నేల మీద పెట్టి అరచేత్తో అదిమింది. శిల్పశ్రీ మూత ఎత్తి దాని మీద ఉంచింది. పిడి బొక్కలో దిగింది. పిల్ల మఠం వేసుకుని కూర్చుంది. రెండు చేతులతో ముద్దను విరిచింది. సగం అవతలి అంచుకు జరిపింది. ఇటు సగంలోంచి చిటికెడు తుంచి, సారులో ముంచి, నోట్లో పెట్టుకుంది.

ఎవరూ ఆ పిల్ల వైపు తలెత్తి చూడలేదు. అందరూ ఎవరి ఆకులోకి వాళ్లు చూస్తూ తింటున్నారు. కంచాలకు పిల్లల వేళ్లు తగిలే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

రోడ్డు మలుపులో బస్సు హారను కొట్టింది. నరసక్క సంచి సర్దుకుని, చెప్పుల చప్పుడు కాకుండా నడిచింది.

లోపల ఆకులు ఖాళీ అయ్యాయి. మేఘ తన సగం తినేసి, వేళ్లు నాక్కుని, తాత దగ్గరికి పోయింది. చుట్టకుదురు మీద మూత కదలకుండా కూర్చుని ఉంది. దాని అవతలి అంచున సగం ముద్ద, చిటికెడు కూడా తుంచకుండా, అలాగే ఉంది.