నేలమాళిగకు పెట్టిన సిమెంటు

ఇంగ్లండులోని నారిచ్‌లో మా పబ్బుకు రెండు వయసులు. పైనున్న ఓక్ దుంగల ఇల్లు ఐదొందల ఏళ్లది. కింద ఇటుక నేలమాళిగ దానికన్నా నూరేళ్లు పెద్దది. ఒకప్పుడు ఊరు తగలబడితే పైనున్నదంతా బూడిదైంది, మాళిగ మిగిలింది. దాని వంపు కప్పు మీదే మళ్ళీ స్తంభాలు నిలబెట్టారు. వేసవైనా చలికాలమైనా అక్కడ ఒకటే చల్లదనం. బీరు పీపాలకు అంతకన్నా మంచి చోటు దొరకదు.

మేం పబ్బు తీసుకున్న ఏడాది ఇటుకల సందుల్లోంచి పాత సున్నం పొడిపొడిగా పీపాల మీద రాలేది. మా ఆయన సిరిల్‌కు అది కంటగింపుగా ఉండేది. ఆ చలికాలమంతా నిచ్చెనెక్కి, సున్నమంతా గీకేసి, సందుసందునా సిమెంటు దట్టించాడు. చేతులు పగిలి నెత్తురు కారినా ఆపలేదు. ఆ తర్వాత ముప్పై నాలుగేళ్లు, కొత్తగా ఎవరొచ్చినా గ్లాసు చేతికిచ్చి ఆ కథే చెప్పేవాడు.

"మొదలెట్టాడ్రా బాబూ, సిమెంటు పురాణం!" అని రోజూ వచ్చే ఆల్బీ తల పట్టుకునేవాడు.

"నీ బీరు అంత చల్లగా ఉందంటే ఎవరి పుణ్యంరా?"

"మన దిక్కుమాలిన వాతావరణం పుణ్యం!"

నేనూ తక్కువ తినలేదు. మా ఆయన చేతిపని అంటూ జనాన్ని కిందికి తీసుకెళ్లి మరీ చూపించేదాన్ని.

చివరి రెండేళ్లూ సిరిల్‌కు ఊపిరి సరిగ్గా ఆడేది కాదు. మెట్లు దిగలేక పగలంతా కౌంటరు పక్కన కుర్చీలోనే ఉండేవాడు. అందుకే ఇటుకలు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోవడం ఆయన చూడలేదు. ఆ పెచ్చుల్ని నేను ఊడ్చి, బకెట్లోకి ఎత్తి, పెరటి దారిన పారబోసేదాన్ని. పోయిన నవంబరులో కప్పు మధ్యలో పగులు కనబడింది. ఇక దాచి లాభం లేదని, పాత కట్టడాలు బాగుచేసే మేస్త్రీ గారెత్‌ను పిలిపించాను. సిరిల్‌తో మాత్రం మామూలు తనిఖీ అని చెప్పాను.

మాళిగలో గారెత్ సుత్తితో ఒక ఇటుకను మెల్లగా తట్టాడు. సగం ముక్క ఊడి అతని చేతిలో పడింది.

"ఎవడక్కా ఈ సిమెంటు పెట్టింది? వాడి చేతులు విరగ్గొట్టాలి! లోపలి తడంతా సున్నం సందుల్లోంచి బయటికి పోవాలి. సున్నం రాలిపోద్ది, మళ్ళీ పెట్టుకుంటాం. రాలడమే దాని పని. సందులు మూసేస్తే తడి ఎటు పోద్ది? ఇటుకనే తినేసింది."

"మా ముందున్నవాళ్లు," అన్నాను.

"పైన స్తంభాలన్నీ దీని మీదే కదా నిలబడ్డాయి. పబ్బు ఇవాళే మూసెయ్యండి. మళ్ళీ తెరుస్తారని మాత్రం చెప్పలేనక్కా."

పైకొచ్చి చూస్తే, కౌంటరు వెనక పీపాలు దించే నేలతలుపు బార్లా తెరిచి ఉంది. దానికి రెండడుగుల దూరంలోనే సిరిల్ కుర్చీ. కింద మేం అనుకున్నదంతా ఆయన విన్నాడు.

సిరిల్ నా వైపు చూడలేదు. "కాగితంలో ఏం రాస్తావు బాబూ?" అని గారెత్‌ను అడిగాడు.

"పాత మరమ్మతు, చేసినవాళ్లెవరో తెలీదు అని రాస్తాను పెద్దాయనా."

"తెలీకపోవడమేంటి? సిరిల్ థర్టిల్ అని రాయి. నేనే."

గారెత్ మొహం కందిపోయింది. తల వంచుకుని పేరు రాసుకుని వెళ్ళిపోయాడు.

"ముప్పై నాలుగేళ్లు నా చేతిపనని ఊరందరికీ చూపించావు కదే ఎనిడ్," అన్నాడు సిరిల్. ఆయాసంతో మాట తెగిపోతోంది. "పాడైందనేసరికి నాది కాకుండా పోయిందా?"

"నువ్వు బాధపడతావనే అలా అన్నానయ్యా."

ఆయన నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు. "పిచ్చిదానా," అన్నాడు. నా మాట నమ్మాడు.

ఆ వారమే పబ్బు ఖాళీ చేసి ఆల్బీ ఇంట్లో ఒక గదిలోకి మారాం. అక్కడే ఫిబ్రవరిలో సిరిల్ పోయాడు.

అంత్యక్రియలప్పుడు అందరూ అదే మాట. మొగుడి మనసు నొప్పించకూడదని తప్పు ముందువాళ్ల మీదికి తోసిందట, ఎంత ప్రేమో అని. ఆయనే చెప్పుకున్నాడట అందరికీ. నిజానికి మాళిగలో ఆ మాట అన్నప్పుడు నాకు సిరిల్ గుర్తుకే రాలేదు. ఆ మేస్త్రీ ముందు నాకు సిగ్గేసింది, అంతే. ఆ సంగతి ఆయనతో చెప్పుకోవడానికి మూడు నెలలు పక్కపక్కనే ఉన్నాం. చెప్పలేదు.