పందొమ్మిది ప్రార్థనలు

"ప్రార్థన కంపుతో ప్రసంగపీఠం ఎక్కినందుకు మెరెడిత్ ప్యూ పాదిరీ ఉద్యోగం ఊడింది."

విమలకుమారి ఎర్ర కలం ఆ వాక్యం దగ్గర ఆగింది. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ చదివింది. ప్రార్థన కంపే. నాలుగు వరసల కింద ఇంకొకటి. "ప్రార్థన మానలేక, కాలేయం చెడి, నలభై తొమ్మిదో ఏట ప్రభువునందు నిద్రించెను." పైన నల్లటి లావు అక్షరాల్లో భర్త పేరు ఉంది. రచన: దివంగత అబ్రహాం మాస్టారు.

నోట్లో పుల్లటి నీళ్ళూరాయి. తాగుతున్న టీ పక్కకి జరిపింది.

నరసాపురంలో ముప్ఫై ఆరేళ్ళు పిల్లల కాంపోజిషన్ పుస్తకాలు దిద్దిన మనిషికి తప్పులు కొత్త కావు. ఇది తప్పులా లేదు. ఎవరో శుభ్రం చేస్తున్నామనుకుని పూసిన మురికిలా ఉంది.

మూడేళ్ళ కిందట ఇద్దరూ నరసాపురం వదిలి పరదేశంలో, ఈ ఆష్‌బర్న్‌లో ఉన్న కూతురు ప్రిస్సిల్లా ఇంటికి వచ్చినప్పుడు, లైబ్రరీవాళ్ళు తీసేస్తున్న పాత పుస్తకాల్లోంచి మాస్టారు ఒక లావుపాటి పుస్తకం తెచ్చుకున్నారు. వేల్స్ దేశపు పాదిరీలు, కవులు, పండితులు, వందల ఏళ్ళ నాటినుంచీ వరసగా వాళ్ళ జీవితాలు. గుమ్మంలో ఇంగ్లీషు కూర్చుని ఉన్నా ఇంట్లో సొంత భాష వదలని మనుషులని ఆయనకి వాళ్ళంటే ముచ్చట. ఒక్కొక్కరి గురించి తెలుగులో రెండేసి పేజీలు రాయడం మొదలుపెట్టారు. వెల్ష్ రాని బిషప్పులు, వెల్ష్ తప్ప మరొకటి రాని రైతులు, మధ్యలో నలిగిన బీద పాదిరీలు. ప్రతి జీవితం చివరా "సారాంశం" అని పెట్టి ఒక్క వాక్యం రాసేవారు.

ప్యూ అంటే ఆయనకి మరీ ఇష్టం. గొర్రెలకాపరుల నోట విన్న మాటలన్నీ చర్చి రిజిస్టర్ల వెనక పేజీల్లో రాసి దాచినవాడు. కవి. తాగుబోతు.

జనవరిలో మాస్టారి గుండె ఆగిపోయింది. ఆష్‌బర్న్ తెలుగు చర్చివాళ్ళు తమ పదో వార్షికోత్సవ సంచికలో ప్యూ జీవితం వేస్తామన్నారు. దాని పక్క పేజీలో వెయ్యడానికి మాస్టారి జీవితం ఆమె రాసిచ్చింది. ఆ ప్రూఫులే ఇప్పుడు దిద్దుతోంది. సంచిక సోమవారం ప్రెస్సుకి వెళ్తుంది. ఇవాళ శనివారం.

సంచిక పని చూస్తున్న షాలోమ్‌కి ఫోన్ చేసింది. అరగంటలో లాప్‌టాప్ సంచీతో వచ్చాడు. డేటా సెంటర్లో ఉద్యోగం, నెమ్మదస్తుడు.

"ఏంటాంటీ, మిస్టేక్స్ ఎక్కువున్నాయా?"

"ఇది చదువు బాబూ. పైకి చదువు."

చదివాడు. కంపు దగ్గర గొంతు తగ్గింది.

"పాస్టరు అయ్యగారు డ్రింక్ మాట రాకూడదన్నారాంటీ. చర్చి మ్యాగజైన్ కదా. సారా అన్నచోటల్లా ప్రార్థన అని రీప్లేస్ కొట్టేశాను. పందొమ్మిది మార్చానని కంప్యూటరే చెప్పింది."

"ప్యూ భార్య పేరు సారా. ఆవిడ కూడా ప్రార్థన అయిపోయింది."

"బైబిల్లో అబ్రహాము భార్య శారా కదాంటీ... సారా అంటే అదొక్కటే అనుకున్నాను."

ఆమె పేజీ తిప్పి ఒక మాట కింద గీత గీసింది. సంప్రార్థనన్ని.

"ఇదేమిటి?"

షాలోమ్ ఆ మాటని రెండుసార్లు కూడబలుక్కున్నాడు. ఆమె విడదీసి చెప్పింది. "సంసారాన్ని." ఆ మాట మధ్యలో సారా ఉందని, తెలుగు పాఠాలు చెప్పిన ఇన్నేళ్ళలో ఆమెకి ఎప్పుడూ కనిపించలేదు.

"సారాంశం కూడా మారింది. 'ప్రార్థనంశం' అయ్యుండాలి. ఇక్కడ 'ప్రార్థనాంశం' అని దీర్ఘం పెట్టి ఉంది. దిద్దిందెవరు?"

"నేనే. స్పెల్లింగ్ మిస్టేకనుకున్నా."

"అంటే చదివావు. కింద ఏముందో కూడా చదివే ఉంటావు. 'తాగాడు, మాటల్ని మాత్రం పోనివ్వలేదు' అని ఆయన రాసింది. ఇప్పుడు 'ప్రార్థించాడు' అనుంది. ఇది కంప్యూటరు మార్చలేదు కదా?"

షాలోమ్ చెవులు ఎర్రబడ్డాయి. "సారీ ఆంటీ. అంకుల్ పేరు మీద వస్తోంది కదా, నీట్‌గా ఉండాలని." తప్పించుకునే దారి దొరికినట్టు పక్క పేజీ ముందుకి తోశాడు. "ఇది చూడండి. మీరు రాసినదాంట్లో ఒక్క మాట ముట్టుకోలేదు. అసలు ముట్టుకోడానికేం లేదు, అంత క్లీన్‌గా ఉంది."

ఆ పేజీ ఆమె చూసింది. "ఏ దురలవాటూ ఎరుగరు. మచ్చలేని జీవితం." తన మాటలే. ఇందాకటి పుల్లటి నీళ్ళు మళ్ళీ ఊరాయి. ఈసారి పక్కకి జరపడానికి టీ కూడా లేదు.

ఆరేళ్ళు. పంతొమ్మిది వందల డెబ్భై అయిదు నుంచి ఎనభై ఒకటి దాకా. బడి గేటు దగ్గర పిల్లలు పాట కట్టారు. "అబ్రహాముకి తోడెవరు? సారా, సారా!" ఆ పిల్లలకే లోపలికి వెళ్ళి ఆమె డిక్టేషన్ చెప్పేది. మానేశాక ముప్ఫై ఏళ్ళకి పైగా ఇద్దరూ ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. ప్యూ గురించి రాస్తూనే మొదటిసారి ఆయన నోట ఆ మాట వచ్చింది. రాసింది రాసినట్టు ఈ వంటింటి గట్టు దగ్గరే ఆమెకి చదివి వినిపించారు.

"మరీ అన్నిసార్లు రాయాలా?" అందామె అప్పుడు.

"అన్నిసార్లూ ఉంది కదా విమలా," అన్నారాయన. ఇంకేదో చెప్పబోయారు. ఆమె లేచి కుక్కర్ దింపడానికి వెళ్ళింది.

ఇప్పుడు ఎర్ర కలంతో తన వాక్యాలు రెండూ కొట్టేసింది. పైన గుండ్రటి బడి అక్షరాల్లో రాసింది. "ఆరేళ్ళు సారా తాగారు. తర్వాత తాగలేదు."

షాలోమ్ చదివి ఉలిక్కిపడ్డాడు. "ఆంటీ! ఇది అయ్యగారిని అడక్కుండా..."

"అడుగు."

అతను ఫోన్ చేసి సంగతి చెప్పి, స్పీకర్ పెట్టి గట్టు మీద ఉంచాడు.

"వందనాలమ్మా," అన్నాడు పాస్టరు. "ఆ వేల్స్ ఆయనదంటే సరే, ఎవరో పరాయివాడు, ఉన్నది ఉన్నట్టు వేసేద్దాం. అబ్రహాం గారిది ఎందుకమ్మా? ఆయన సాక్ష్యం పాడైపోదూ?"

"మానేశారండీ. అంతకంటే సాక్ష్యం ఏముంటుంది?"

"పిల్లలు చదువుతారమ్మా."

"మీ పిల్లలకి తెలుగు చదవడం రాదు కదండీ."

షాలోమ్ నవ్వు దాచుకోడానికి కిటికీ వైపు తిరిగాడు.

"వేస్తే రెండూ ఉన్నట్టుగా వెయ్యండి. లేకపోతే రెండూ తీసెయ్యండి," అందామె.

"అయితే తీసేద్దామమ్మా. ఏమీ అనుకోకండి."

ఫోన్ పెట్టేశాక ఆమె ప్రూఫులు మడిచింది. మాస్టారి పేరు ఇక ఎక్కడా అచ్చులో రాదు.

"సంచిక సంగతి అయిపోయింది. ఆయన రాసింది మాత్రం ఆయన రాసినట్టు ఉండాలి. వెనక్కి మార్చి ఇచ్చి వెళ్ళు."

"అలా కుదరదాంటీ. పాత ఫైల్ మీదే సేవ్ చేసేశా. ఇప్పుడు వెనక్కి కొడితే అంకుల్ నిజంగా ప్రార్థన అని రాసినవి కూడా సారా అయిపోతాయి."

మాస్టారు టైపు చేసిన లాప్‌టాప్ ప్రిస్సిల్లా ఎప్పుడో ఆఫీసుకి తిరిగిచ్చేసింది. విమలకుమారి స్టూలు లాక్కుని అతని పక్కన కూర్చుంది.

"ఒక్కొక్కటీ చదువు. నేను చెప్తాను."

"'ఆదివారం ఉదయం ప్రార్థన ముగించి...'"

"ప్రార్థనే. ఉంచు."

"'ఇంటికి వచ్చేసరికి ప్రార్థన సీసా ఖాళీ...'"

"సారా."

అతను టైపు చేశాడు. "'ప్రార్థన మానలేక...'"

"సారా."

ఒక్కోసారి ఆ మాట అంటుంటే నోట్లో పులుపు కొంచెం కొంచెం విరుగుతోంది. చివరి పేజీకి వచ్చారు. షాలోమ్ ఆగిపోయాడు.

"ఇది అర్థం కావట్లేదాంటీ. 'పోయేనాడు అతని మంచం పక్కన ప్రార్థన ఒక్కతే ఉంది.' ఇది ప్రార్థనా? సారానా?"

"ఒక్కటే అని ఉందా, ఒక్కతే అనా? సరిగ్గా చూడు."

"ఒక్కతే."

"అయితే మనిషి," అంది విమలకుమారి. "అది ఆయన భార్య. సారా అని పెట్టు."